నల్లగా కమిలితే బాగా పనిచేసినట్టేనా?

ప్రశ్న: అక్కా, నాకు 23 ఏళ్లు. సూర్యాపేట దగ్గర మా ఊరు. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు తయారవుతున్న. 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలోపు కొట్టాలె, నేను 7:20 దగ్గర ఆగిపోయిన. రాత్రి పన్నెండు దాకా స్టడీ హాల్లో ఉంటా, పొద్దున నాలుగున్నరకు లేచి గ్రౌండ్‌కు పోతా. నెల నుంచి పిక్కలు, తొడలు పట్టేస్తున్నయి. మాతో ఉరికే ఒకతను గువాషా స్టీలు బిళ్ల తెప్పించిండు. నూనె రాసి దాంతో గట్టిగా గీకితే రక్తం పైకి వస్తది, ఎంత నల్లగా వస్తే అంత లాక్టిక్ యాసిడ్ పోయినట్టు అన్నడు. ఐదుగురం అదే బిళ్ల వాడుతున్నం. గీకినంక కాళ్లు తేలికైన మాట నిజమే. కానీ మొన్న మా అమ్మ నా పిక్కలు చూసి 'ఎవరు కొట్టిండ్రు బిడ్డా' అని ఏడ్చింది. ఇంకో నెలలో ఈవెంట్స్. రోజూ గీక్కోవచ్చా? సరిగ్గా ఎట్ల చేయాలె? ఎడమ కాలి ముందు ఎముక మీద కూడా గీకుతున్న, అక్కడ మాత్రం నొప్పి తగ్గుతలేదు.

జవాబు: తమ్ముడూ, నువ్వు చివర్లో ఒక్క వాక్యంలో తేల్చేసిన సంగతి నుంచే మొదలుపెడతాను. నీ ఉత్తరం మొత్తంలో నాకు కంగారు పుట్టించింది అదొక్కటే.

ఎడమ కాలి ఎముక మీద గీకడం ఈరోజుతో ఆపెయ్. పిక్క కండ పట్టేయడం వేరు, ముందు ఎముక నొప్పి వేరు. కూర్చుని, ఆ ఎముక లోపలి అంచు వెంట చీలమండ పైనుంచి మోకాలి వైపు బొటనవేలితో మెల్లగా నొక్కుకుంటూ వెళ్లు. జానెడు మేర అంతా సలుపుతూ, పరుగు మొదట్లో ఎక్కువగా ఉండి ఒళ్లు వేడెక్కాక తగ్గితే, అది ఎముక పైపొరా, దాన్ని పట్టుకున్న కండరాలూ అలిసిపోయిన నొప్పి అయ్యే అవకాశం ఎక్కువ. మీరు 'షిన్ పెయిన్' అంటుంటారు, అదే. అలా కాకుండా రూపాయి బిళ్లంత చోట, వేలు పెట్టగానే ప్రాణం పోయినట్టు ఉందనుకో. పరిగెత్తే కొద్దీ పెరుగుతోంది, ఆ కాలి మీద ఒక్క గెంతు వేస్తే కలుక్కుమంటోంది, రాత్రి పడుకున్నప్పుడూ లాగుతోంది అనుకో. అప్పుడు ఎముకలో సన్నటి బీట ఉందేమోనని అనుమానించాలి. అలాంటి చోట ఇనుముతో గీకితే ఎముకకు ఒరిగేది ఏమీ లేదు. పైన చర్మం మంట పుట్టి కాసేపు లోపలి నొప్పిని మరిపిస్తుంది, నువ్వు తగ్గిందనుకుని మళ్లీ పరిగెత్తుతావు, బీట పెద్దదవుతుంది. ఎముకల డాక్టరు దగ్గరకు ఈ వారంలోనే వెళ్లు. ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోయినా ధీమా పడకు. ఇలాంటి బీటలు మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేకు చాలాసార్లు దొరకవు. డాక్టరు ఎమ్మారై అడిగితే డబ్బు దండగ అనుకోవద్దు. అప్పటిదాకా పరుగు ఆపు. మీ ఊళ్లో వ్యవసాయ బావి ఉంటే, ఈత వస్తే, ఈత కొట్టు. లేదంటే సైకిల్ తొక్కు. దమ్ము తగ్గదు. నొప్పి మాత్ర వేసుకుని ఉరకడం మాత్రం వద్దు.

ఇక గీకుడు విషయం.

మీ అమ్మ భయం కొత్తదేమీ కాదు. చైనా మాటలో 'గువా' అంటే గీకడం, 'షా' అంటే గీకినప్పుడు చర్మం మీద లేచే ఎర్రటి మచ్చలు. వియత్నాంలో నాణెంతో చేస్తారు, 'గాలిని గీకడం' అంటారు. ఇండోనేషియాలో 'కెరోకాన్' అంటారు, అక్కడా నాణెమే, నూనే. ఒంట్లో గాలి చేరింది, అది బయటకు పోవాలని వాళ్ల నమ్మకం. మనవాళ్లు 'వాతం చేసింది' అన్నట్టే అనుకో. వియత్నాం యుద్ధం తర్వాత అమెరికా చేరిన శరణార్థుల పిల్లలకు జ్వరం వస్తే తల్లులు వీపు మీద ఇలాగే గీకేవాళ్లు. ఆ చారలు చూసి అక్కడి డాక్టర్లు, టీచర్లు పిల్లల్ని కొట్టారని పొరబడిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. మీ అమ్మ కూడా అదే చూసింది. చూసింది దెబ్బనే. తప్పు పట్టడానికి లేదు, ఎందుకంటే ఆ మచ్చ నిజంగానే చిన్న గాయం.

చర్మం కింద వెంట్రుక కంటే సన్నటి రక్తనాళాలు ఉంటాయి. గట్టిగా గీకితే అవి చిట్లి, ఎర్ర రక్తకణాలు చుట్టూ కారతాయి. మొదట ఎరుపు, తర్వాత ఊదా, గోధుమ, చివరికి పసుపు. రెండు నుంచి ఐదారు రోజుల్లో మన ఒళ్లే దాన్ని విరగ్గొట్టి శుభ్రం చేసుకుంటుంది. అందులో విషం లేదు, లాక్టిక్ యాసిడ్ అంతకంటే లేదు. ఆ యాసిడ్ పరుగు ఆపిన గంటలోపే రక్తంలో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. నీకు కాళ్లు పట్టేసేది మర్నాడు, ఆ మర్నాడు కదా. అది కండరంలోని సన్నటి పోగులకు తగిలిన అలసట, దాని చుట్టూ వచ్చే వాపు. ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదిరి, తర్వాత దానంతట అదే తగ్గుతుంది. దిగువకు ఉరికినప్పుడు, లాంగ్ జంప్‌లో నేల మీద పడ్డప్పుడు, కండ సాగుతూ బరువు మోసే పనుల్లో ఇది ఎక్కువ. కాబట్టి ఎంత నల్లగా వస్తే అంత మేలు అన్న లెక్కను మీ ఐదుగురూ మనసులోంచి తీసెయ్యండి. నల్లబడిందంటే ఎక్కువ నాళాలు చిట్లాయని అర్థం, అంతే.

మరి కాళ్లు తేలికవడం అబద్ధమా? కాదు. నేను ఫిజియోథెరపిస్టుని, ఇలాంటి స్టీలు పనిముట్లు నా గదిలోనూ ఉన్నాయి, వాడతాను. 1990ల్లో డేవిడ్ గ్రాస్టన్ అనే అమెరికా క్రీడాకారుడు, నీటి మీద స్కీయింగ్‌లో దెబ్బతిన్న తన మోకాలి కోసం మొదలుపెట్టిన లోహపు పనిముట్ల పద్ధతి ఈరోజు ఎన్నో దేశాల క్రీడా చికిత్స గదుల్లో ఉంది. 2007లో 11 మంది ఆరోగ్యవంతుల మీద గువాషా చేసి కొలిచారు. గీకిన చోట చర్మం పైపొరలో రక్తప్రవాహం మొదటి ఏడున్నర నిమిషాలు నాలుగు రెట్లు పెరిగింది, 25 నిమిషాల దాకా ఎక్కువగానే ఉంది. జర్మనీలో మెడనొప్పి ఉన్న 48 మందితో చేసి 2011లో ప్రచురించిన పరీక్షలో, ఒక్కసారి గీకించుకున్నవాళ్లకు వారం తర్వాత, వేడి కాపడం పెట్టుకున్నవాళ్లకంటే నొప్పి బాగా తగ్గింది. కాబట్టి ఏదో జరుగుతోంది. చర్మంలోని నరాలకు ఒక కొత్త స్పర్శ అందుతుంది, మెదడు కాసేపు నొప్పి గొంతు తగ్గిస్తుంది, కండ బిగువు సడలుతుంది. బిగుసుకుపోయిన చీలమండ ఇంకాస్త వంగుతుంది.

అయితే ఆ తేలిక ఎంతసేపు, ఎంత లోతు అన్నది చూడాలి. కండరాల మధ్య అతుకులు పడ్డాయి, ఇనుముతో వాటిని తెంపుతాం అని కొందరు చెబుతారు. తొడ పక్కన, అరికాలిలో ఉండే మందపాటి పొరలు మనిషి చేతి బలానికి సాగేవి కావు, తెగేవి అసలే కావు. ఎలుకల మోకాలిలో దెబ్బతిన్న లిగమెంటు (ఎముకల్ని కలిపి ఉంచే పట్టీ) మీద 2009లో చేసిన ప్రయోగం నాకు చాలా ఇష్టం, ఎందుకంటే అందులో రెండు వైపులా నిజం ఉంది. పనిముట్టుతో రుద్దిన లిగమెంటు నాలుగు వారాలకు రుద్దని దానికంటే 43 శాతం గట్టిగా తేలింది. పన్నెండు వారాలకు చూస్తే తేడా దాదాపు లేదు. క్రీడాకారుల మసాజ్ మీద 29 అధ్యయనాలు, వెయ్యి మందికి పైగా మనుషుల ఫలితాలను కలిపి 2020లో ఓ సమీక్ష వచ్చింది. బలం పెరగలేదు, దూకే ఎత్తు పెరగలేదు, పరుగు వేగం పెరగలేదు, దమ్ము పెరగలేదు. మర్నాటి ఒళ్లు నొప్పి కొంచెం తగ్గింది, ఒళ్లు కొంచెం ఎక్కువ వంగింది. నీ 7:20ని ఆ బిళ్ల 7:15 చేయదు. రేపు కాస్త హాయిగా నడవనిస్తుంది. అంతవరకే ఆశ పెట్టుకుంటే అది మంచి పనిముట్టే.

గట్టిగా గీకడం మీద నాకు ఎందుకంత పట్టుదలో చెబుతాను. కాలేజీ రోజుల్లో నేను 400 మీటర్లు పరిగెత్తేదాన్ని. ఒక క్యాంపులో ప్రాక్టీసు చేస్తుంటే తొడ ముందుభాగం ఇనుప బల్ల అంచుకు కొట్టుకుంది. లోపల రక్తం గడ్డకట్టి గట్టిపడింది. మూడో రోజు అక్కడ మాలిష్ చేసే ఒకాయన 'గడ్డ కరగాలంటే గట్టిగా రుద్దాలమ్మా' అని నూనె పోసి పిడికిలితో, చెక్కముక్కతో అరగంట గీకాడు. పళ్ల బిగువున కన్నీళ్లు ఆపుకుంటూ ఓర్చుకున్నాను. ఓర్చుకోవడమే ఆటగాళ్ల లక్షణం అనుకునేదాన్ని. వారం గడిచేసరికి మోకాలు మడవలేకపోయాను. నెల తర్వాత ఎక్స్‌రేలో తొడ కండ మధ్యలో తెల్లటి మచ్చ, ఎముక! దెబ్బతిన్న కండను అలా నలిపితే శరీరం తికమకపడి కండలోనే ఎముక కట్టుకోవచ్చని అప్పుడు తెలిసింది. ఆ సీజన్ పోయింది, తర్వాతి సీజన్ సగం పోయింది. ఆయన చెడ్డవాడు కాదు, ప్రేమగానే చేశాడు. తెలియక చేశాడు. నేను ఈ వృత్తిలోకి రావడానికి ఆ తొడ కూడా ఒక కారణం. అందుకే తమ్ముడూ, కొత్తగా దెబ్బ తగిలి వాచిన చోట, నల్లబడిన చోట, పరిగెత్తుతుంటే 'టప్' మని పట్టేసిన కండ మీద గీకకు. ఆరోగ్యంగా ఉండి అలిసిన కండకు మాత్రమే ఇది.

ఇప్పుడు పద్ధతి. పిక్కకు చేద్దాం.

చల్లటి కండ మీద మొదలుపెట్టొద్దు. ఐదు నిమిషాలు నడిచి రా, లేదా వేడినీళ్ల స్నానం తర్వాత చేసుకో. మంచం మీద బోర్లా పడుకుని నీ నేస్తాన్ని చేయమను. ఒక్కడివే అయితే కూర్చుని, మోకాలు కాస్త మడిచి, పిక్క వదులుగా వేలాడేట్టు పెట్టుకో. నువ్వుల నూనో, కొబ్బరి నూనో బాగా రాయి. బిళ్ల జారాలి, చర్మాన్ని లాగకూడదు. ఘాటు బాములు ముందుగా రాయకు, గీకాక మంటపెట్టి ప్రాణం తీస్తాయి. బిళ్లను నిలువుగా గుచ్చినట్టు పట్టుకోకుండా, ఏటవాలుగా వాల్చి, చీలమండ పైనుంచి మోకాలి దాకా ఒకే దిశలో బెత్తెడు బెత్తెడు చొప్పున లాగు. ముందుకూ వెనక్కూ రంపం కోసినట్టు వద్దు. ఒక్కో చోట పది పదిహేను సార్లు చాలు. ఒక పిక్క మొత్తానికి మూడు నాలుగు నిమిషాలు దాటొద్దు. నొప్పికి పదికి ఎన్ని మార్కులంటే మూడు మించకూడదు. చర్మం కందినట్టు గులాబి రంగుకు రాగానే ఆ చోటు వదిలెయ్. చుక్కలు చుక్కలుగా ఎర్రబడిందంటే అప్పటికే సరిపోయింది. ఇంకా నల్లబడాలని చూడకు.

మోకాలి వెనక గుంట జోలికి వెళ్లకు. పెద్ద రక్తనాళం, నరం అక్కడి నుంచే వెళతాయి, వాటిని కాపాడే మందపాటి కండ అక్కడ ఉండదు. గజ్జలు, మెడ ముందుభాగం, వెన్నుపూస, మోకాలి చిప్ప, కాలి ముందు ఎముక, ఇవీ వద్దు. తొడకైతే ముందువైపు, వెనకవైపు కండ మీద మాత్రమే.

చాలామంది వదిలేసే ముక్క ఇది: గీకడం అయ్యాక పడుకోకు. బిగువు సడలిన ఆ ఇరవై నిమిషాలే నీకు దొరికే లాభం. లేచి పది నిమిషాలు నడువు. మెట్టు అంచున ముంగాళ్ల మీద నిలబడి మడమలు మెల్లగా కిందికి దించి పైకెత్తు, పదిహేను చొప్పున రెండు సార్లు. గోడకు చేతులు ఆనించి పిక్క సాగదీయి. నా అనుభవంలో గీకి వదిలేసిన కాలు సాయంత్రానికి మళ్లీ మొదటికొస్తుంది, గీకి కదిలించిన కాలు నిలుస్తుంది.

రోజూ వద్దు. మచ్చ మిగిలుంటే అది పూర్తిగా పోయేదాకా ఆ చోటు ముట్టుకోకు. మెత్తగా చేస్తే వారానికి రెండుసార్లు చాలు, అదీ గట్టిగా పరిగెత్తిన రోజు సాయంత్రమో, మర్నాడో. ఈవెంట్స్‌కు ముందు మూడు రోజులు అసలే వద్దు.

ఇక ఐదుగురూ ఒకే బిళ్ల వాడుతున్నారన్న మాట. దీన్ని నేను చాలా గట్టిగా చెబుతున్నాను, నీ నేస్తాలకూ చదివి వినిపించు. గట్టిగా గీకినప్పుడు కంటికి కనిపించనంత రక్తం, చర్మరసం బిళ్ల అంచుకు అంటుతుంది. హెపటైటిస్ బి క్రిమి ఒంటి బయట, ఎండిన రక్తపు చుక్కలో వారం రోజులైనా బతికి ఉండగలదు. గడ్డం బ్లేడు పంచుకోరు కదా, ఇదీ అంతే. ఎవరి బిళ్ల వారిదే. వాడాక సబ్బు నీళ్లతో రుద్ది కడిగి, స్పిరిట్‌తో తుడిచి ఆరబెట్టాలి. కొనే స్తోమత లేకపోతే ఇంట్లో అంచు నున్నగా, గుండ్రంగా ఉన్న స్టీలు గరిటో, పింగాణీ చెంచానో చాలు. చైనా ఇళ్లలో సూపు చెంచాతోనూ చేస్తారు. వేలితో తడిమి చూడు, ఎక్కడైనా గరుకు తగిలితే పనికిరాదు.

ఎవరు చేసుకోకూడదో కూడా రాస్తాను, ఇది చదివే మిగతావాళ్ల కోసం. రక్తం పలచబడే మందులు, ఆస్పిరిన్ లాంటివి వాడేవాళ్లు, ఉబ్బిన నరాలు ఉన్నవాళ్లు, చర్మం మీద కురుపులు, తామర, పుండ్లు ఉన్నవాళ్లు, షుగరుతో పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు వద్దు. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే అది లోపలి నాళంలో గడ్డ కావచ్చు. దాన్ని రుద్దడం ప్రాణానికే ప్రమాదం, నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. మన దగ్గర వానాకాలంలో ఇంకొకటి ఉంది: జ్వరం, ఒళ్లు నొప్పులు అనగానే మర్దనకు కూర్చుంటారు. అది డెంగీ అయితే ప్లేట్‌లెట్లు పడిపోయి ఉండొచ్చు, మెల్లగా గీకినా లోపల రక్తం కారొచ్చు. జ్వరం ఉన్న ఒంటిని గీకొద్దు. అలాగే మితిమీరి పరిగెత్తిన మర్నాడు మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే, నూనె సీసా పక్కన పెట్టి వెంటనే డాక్టరు దగ్గరకు పోవాలి. కండ కరిగి కిడ్నీల మీద పడుతోందన్న గుర్తు అది.

తమ్ముడూ, నీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది రెండు అంకెలు. రాత్రి పన్నెండు, పొద్దున నాలుగున్నర. నాలుగున్నర గంటల నిద్ర. నెల రోజులుగా కాళ్లు ఎందుకు పట్టేస్తున్నాయో నాకు అక్కడే కనిపించింది. చిరిగిన పోగులను ఒళ్లు అతుక్కునేది ముఖ్యంగా గాఢ నిద్రలో. ఆ పనికి నువ్వు సమయమే ఇవ్వడం లేదు. ఈ నెల రోజులు పదింటికి పుస్తకం మూసెయ్. ఐదున్నరకు లే. మధ్యాహ్నం అరగంట కునుకు తియ్యి. రాతపరీక్షకు చదవాల్సింది ఉందని తెలుసు, కానీ పదకొండున్నరకు బల్ల మీద తూగుతూ చదివిన పేజీ మర్నాడు ఎంత గుర్తుంటుందో నీకే తెలుసు. నిద్ర, బిళ్ల రెండింటిలో ఒకటే ఎంచుకోమంటే నేను ఆలోచించకుండా నిద్ర అంటాను.

తిండి. నీ బరువు 60 కిలోలు అనుకుంటే రోజుకు సుమారు 95 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గుడ్డుకు ఆరు గ్రాములు, వంద గ్రాముల పల్లీలకు పాతిక గ్రాములు. ఉడికించిన పల్లీలు, నాలుగు గుడ్లు, రెండు పూటలా గట్టి పప్పు, పెరుగు, వారంలో రెండు మూడు రోజులు చేపో చికెనో. పౌడరు డబ్బాలు కొననక్కర్లేదు.

డాక్టరు పరుగుకు సరే అన్నాక, రోజూ 1600 టైమింగ్ పెట్టుకోవడం మానెయ్. మీ గ్రౌండ్లలో అందరూ చేసే పొరపాటే ఇది, రోజూ పరీక్షే, పాఠం లేదు. వారానికి రెండు రోజులు గట్టిగా: 400 మీటర్లు 105 సెకన్లకు అటూ ఇటూగా నాలుగు సార్లు, మధ్యలో రెండు నిమిషాలు నడక. నాలుగు ల్యాపులు అదే వేగంతో కలిపితే 7 నిమిషాలు, నీకు కావాల్సిన దానికంటే పదిహేను సెకన్లు ముందు. మిగతా రోజులు పక్కవాడితో మాట్లాడుతూ పరిగెత్తగలిగినంత మెల్లగా. ఒక రోజు పూర్తిగా విశ్రాంతి. తారు రోడ్డు వదిలి హైస్కూలు మట్టి గ్రౌండ్‌లో పరిగెత్తు. బూటు మడమ ఒకవైపు అరిగిపోయి ఉందేమో తిప్పి చూడు. అది ఎడమ బూటే అయితే నీ ఎముక నొప్పికి అదీ ఒక కారణం కావచ్చు.

డాక్టరు ఏమన్నాడో నాకు తప్పకుండా రాయి. పరుగు ఆపమంటే ఏం చేయాలో అప్పుడు ఇద్దరం ఆలోచిద్దాం.

ఇంకో మాట, ఈ సాయంత్రం మీ అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని నీ పిక్కలు ఎందుకలా అయ్యాయో చెప్పు. కడిగిన చెంచా తీసుకుని, ఆమె ముంజేతికి కాస్త నూనె రాసి, నేను చెప్పినంత మెల్లగా నాలుగుసార్లు గీసి చూపించు. ఇకమీద ఇంతకంటే గట్టిగా చేసుకోనని ఆమెకు మాటివ్వు.